చనిపోయినవారు కలలోకి ఎందుకు వస్తారు

“రాత్రి నాన్న కలలోకి వచ్చారు” అన్న తెలుగు వాక్యంలో కర్త నాన్న. కల చూసిన మనిషి ఆ వాక్యంలో ఎక్కడా ఉండడు. భవిష్యత్తు మీద పెట్టుకున్న ఆశల విషయంలో ‘కలలు కనడం’ అంటారు గానీ, నిద్రలో కనిపించేదాని విషయంలో ఎక్కువగా మనిషి చేసేది ఏమీ లేనట్టుగానే భాష మాట్లాడుతుంది: కల వస్తుంది, కలలోకి మనుషులు వస్తారు. బతికి ఉన్న స్నేహితుడి గురించి చెప్పేటప్పుడు ఇది ఒక వాడుక మాత్రమే. చనిపోయిన తండ్రి గురించో, భార్య గురించో, బిడ్డ గురించో చెప్పేటప్పుడు మాత్రం ‘వచ్చారు’ అన్న ఆ చిన్న క్రియ మీద పెద్ద బరువు పడుతుంది. నిజంగానే వచ్చారా, లేక నిద్రలో మనసే ఆ రూపాన్ని అల్లుకుందా అన్న సందేహం, దాని వెంట ఆశ, భయం, కొన్నిసార్లు అపరాధభావం కూడా ఆ ఒక్క మాట చుట్టూ చేరతాయి.

ఆత్మలు ఉన్నాయా, అవి వచ్చి పోతాయా అన్నదానిపై నిద్రాశాస్త్రం తీర్పు చెప్పలేదు. దాని పనిముట్లు అందుకోసం తయారైనవి కావు. అయితే అలాంటి కలలు ఎంత మందికి వస్తాయి, ఏ రూపంలో వస్తాయి, ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతుంది, మేలుకున్నాక మనిషి మీద వాటి ప్రభావం ఏమిటి అన్న ప్రశ్నలకు గత కొన్ని దశాబ్దాల పరిశోధన చాలావరకు సమాధానం ఇచ్చింది. వాటన్నిటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఒక మనిషి చనిపోయాడన్న వార్త తెలియడం వేరు, ఆ మనిషి లేడని మనసు నేర్చుకోవడం వేరు. మొదటిది ఒక్క క్షణంలో జరిగిపోతుంది. రెండోదానికి నెలలు, ఏళ్లు పడుతుంది, కొందరి విషయంలో అది పూర్తిగా ముగియదు కూడా. చనిపోయినవారి కలలను ఆ నేర్చుకోవడంలో భాగంగా చూసినప్పుడు వాటిలోని వింతలు చాలావరకు అర్థమవుతాయి.

ముప్పై ఏళ్లు కలిసి బతికిన భార్యాభర్తలను తీసుకుంటే, ఒకరి గురించి మరొకరి మెదడులో ఉండేది కేవలం కొన్ని జ్ఞాపకాలు కావు. గేటు చప్పుడు వినగానే ఎవరో తెలిసిపోవడం, ఏ మాటకు ఎలాంటి జవాబు వస్తుందో ముందే ఊహించగలగడం, మంచంలో ఏ వైపు ఖాళీ వదలాలో ఒంటికే తెలియడం వంటి వేల అంచనాలు అక్కడ పేరుకుని ఉంటాయి. మరణం అన్నది వాటి పక్కన వచ్చి చేరిన ఒకే ఒక్క సంఘటన. ఆ ఒక్క సంఘటన జ్ఞాపకం మిగతా వేల అంచనాలను ఒక్కసారిగా రద్దు చేయలేదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో దుఃఖాన్ని మెదడు పరంగా అధ్యయనం చేసిన మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ ఈ స్థితినే వివరించారు: ఆత్మీయుడు పోయాడన్న జ్ఞాపకం, ఆత్మీయుడు ఎక్కడో ఉంటాడన్న లోతైన నమ్మకం రెండూ ఒకే మెదడులో కొంతకాలం పక్కపక్కనే ఉంటాయని ఆమె వాదన. పగటిపూట మొదటిది రెండోదాన్ని అడ్డుకుంటూ ఉంటుంది. అయినా భోజనానికి కూర్చునేటప్పుడు పొరపాటున రెండో కంచం తీయడం, ఏదైనా మంచి వార్త తెలియగానే ఫోన్ చేయబోయి ఆగిపోవడం దుఃఖంలో ఉన్నవారందరికీ పరిచయమే. రాత్రి ఆ అడ్డు ఇంకా పలచబడుతుంది.

అది ఎందుకు పలచబడుతుందో చెప్పడానికి నిద్ర నిర్మాణాన్ని కొంచెం చూడాలి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశను గుర్తించారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నారు. సుమారు 90 నిమిషాలకు ఒకసారి నిద్ర ఒక చక్రం పూర్తి చేస్తుంది. రెమ్ దశ రాత్రి మొదటి భాగంలో కొద్దిసేపే ఉండి, తెల్లవారుజాముకు దగ్గరవుతున్నకొద్దీ నిడివి పెరుగుతుంది. పెద్దవాళ్ల మొత్తం నిద్రలో ఇది అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. కలలు ఇతర దశల్లోనూ వస్తాయి గానీ, కథలా సాగే కలలు, ఉద్వేగం నిండిన కలలు ఎక్కువగా ఈ దశవే. ఆ సమయంలో ఉద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలా చురుగ్గా ఉంటుంది, జ్ఞాపకాలను నడిపే హిప్పోక్యాంపస్ పరిసరాలూ పనిచేస్తుంటాయి. నుదుటి వెనుక ఉండే ప్రిఫ్రంటల్ ప్రాంతంలో, ముఖ్యంగా దాని పైవైపున, అంటే ‘ఇది ఎలా సాధ్యం?’ అని ప్రశ్నించే భాగంలో, చురుకు బాగా తగ్గుతుందని 1990లలో జరిగిన మెదడు చిత్రణ అధ్యయనాలు చూపించాయి.

ఈ కలల్లో అందరినీ ఆశ్చర్యపరిచే అంశానికి ఇదే వివరణ. చనిపోయిన అమ్మ వంటింట్లో నిలబడి ఉంటుంది, ఆమెతో మాట్లాడుతూ ఉంటారు, ఆమె అక్కడ ఉండడం ఏమాత్రం వింతగా అనిపించదు. మరణవార్త చెరిగిపోయిందని దీని అర్థం కాదు. ఆ వార్తను తెచ్చి కళ్లముందున్న దృశ్యంతో పోల్చి ‘పొసగదు’ అని చెప్పే యంత్రాంగం ఆ వేళ విశ్రాంతిలో ఉంది. కొన్నిసార్లు అది సగం మేలుకుంటుంది. అప్పుడు వచ్చే కలలు మరీ విచిత్రంగా ఉంటాయి: ఆమె చనిపోయిందని తెలుసు, అయినా ఎదురుగా ఉంది, ఆ సంగతి ఆమెతో చెప్పాలా వద్దా అని కలలోనే తటపటాయింపు. చెబితే వెళ్లిపోతుందేమోనన్న భయంతో మాట మింగేసిన కలల గురించి ఎంతో మంది చెబుతారు. పొసగని రెండు విషయాలను కల ఒకే గదిలో కూర్చోబెడుతుంది, వాటి మధ్య తీర్పు చెప్పే తొందర దానికి ఉండదు.

తీర్పు చెప్పేది మెలకువ. నిద్ర లేచిన మొదటి కొన్ని క్షణాలు ఇంకా కలలోని ప్రపంచానివే. చేతికి ఆ చేతి వెచ్చదనం తగిలినట్టే ఉంటుంది. ఆ తరువాత తర్కం తిరిగి పనిలోకి వస్తుంది, దానితో పాటే మరణవార్త కూడా. చాలా మందికి ఇది ఆ మనిషిని రెండోసారి పోగొట్టుకున్నంత బాధ. కల ఎంత ప్రశాంతంగా ఉంటే మెలకువ అంత కష్టంగా ఉండవచ్చు. అందువల్ల ‘మంచి కల వచ్చింది కదా, ఎందుకు ఏడుస్తున్నావు?’ అని అడగడం అర్థం లేని ప్రశ్న. మంచి కల కాబట్టే ఆ ఏడుపు. కొందరు కళ్లు తెరవకుండా అలాగే పడుకుని, తెగిన చోటు నుంచి కలను అందుకోవాలని ప్రయత్నిస్తారు. అది సాధారణంగా కుదరదు గానీ, ఆ కాసేపు కదలకుండా ఉండడం వల్ల కల గుర్తుండిపోయే అవకాశం మాత్రం పెరుగుతుంది.

ఇలాంటి కలలు అరుదైనవి కావు. అంతిమ దశలోని రోగులను చూసుకునే హాస్పిస్ సంరక్షణలో తమవారిని కోల్పోయిన 278 మందిని అడిగి, 2014లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన సర్వేలో 58 శాతం మంది చనిపోయిన ఆత్మీయులు తమ కలలోకి వచ్చారని చెప్పారు. ఆ కలలు ఎక్కువ మందికి హాయిగానో, హాయీ బాధా కలిసినట్టుగానో అనిపించాయి. పూర్తిగా కలత పెట్టేవని చెప్పినవారు తక్కువ. వాటిలో పదేపదే కనిపించిన ఘట్టాలు కూడా ఆలోచింపజేస్తాయి: పాత రోజుల సంతోషకరమైన జ్ఞాపకాలు, జబ్బు పూర్తిగా నయమై ఆరోగ్యంగా ఉన్న మనిషి, చివరి రోజుల జబ్బు దృశ్యాలు, వేరే లోకంలో ప్రశాంతంగా ఉన్నట్టు కనిపించడం, ఏదో ఒక మాట చెప్పి వెళ్లడం. అంతకు రెండు దశాబ్దాల ముందే డీర్డ్రీ బారెట్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి కలల్ని చనిపోయిన మనిషి తిరిగి బతికి రావడం, సలహా ఇవ్వడం, వీడ్కోలు చెప్పడం, మరణం గురించే తాత్వికంగా మాట్లాడడం అన్న రకాలుగా విభజించారు. నిజానికి ఒకే కలలో ఇవన్నీ కలగలిసి రావడమూ కద్దు.

ఆరోగ్యంగా కనిపించడం అన్నదాని దగ్గర కొంచెం ఆగాలి. క్యాన్సర్‌తో చిక్కి శల్యమై పోయిన మనిషి కలలో నిండుగా, నవ్వుతూ, పదేళ్ల కిందటి వయసులో కనిపిస్తే ఇంట్లోవారు దాన్ని ఒక సందేశంగా తీసుకుని ఊరట పొందుతారు. ఆ ఊరటను ఎవరూ తీసివేయనవసరం లేదు. అయితే జ్ఞాపకాల లెక్క వైపు నుంచి చూసినా ఈ దృశ్యం సహజమే. నలభై ఏళ్ల పరిచయంలో జబ్బు ఉన్న కాలం ఏడాదో రెండేళ్లో. మనసు ఆ మనిషిని నేర్చుకున్నది మిగతా ముప్పై ఎనిమిదేళ్లలో. చివరి రోజుల దృశ్యాలు పదునైనవి కనుక మొదట్లో వాటిదే పైచేయి అవుతుంది. పదును తగ్గినకొద్దీ పాత రూపం తిరిగి తన చోటు తీసుకుంటుంది. రూపం అన్న మాట కూడా అందరికీ వర్తించదు. పుట్టుకతోనే చూపు లేనివారికి కలల్లో సాధారణంగా దృశ్యాలు ఉండవు. వారి కలలోకి వచ్చే తల్లి ఒక గొంతుగా, ఒక స్పర్శగా, ఒక పరిచితమైన వాసనగా వస్తుంది, ఆ రాకలో లోటేమీ ఉండదు.

అన్ని కలలూ ఊరట ఇవ్వవు. చనిపోయినవారు మళ్లీ జబ్బుపడడం, మళ్లీ చనిపోవడం, కోపంగా మొహం తిప్పుకోవడం, పిలిచినా పలకకుండా నడిచి వెళ్లిపోవడం కూడా కలల్లో తరచుగా వచ్చేవే. వీటిని చూసినవారు పోయినవారికి తమ మీద కోపం ఉందని నమ్ముతారు, ఎవరికీ చెప్పుకోలేక నలుగుతారు. ఇక్కడ మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ సొంత అనుభవం ప్రస్తావించదగినది. 1896 అక్టోబరులో ఆయన తండ్రి చనిపోయినప్పుడు, అంత్యక్రియల సమయంలో ఆయనకు ఒక కల వచ్చింది. అందులో తండ్రి లేడు. గోడకు అంటించిన ఒక ప్రకటన మాత్రం ఉంది, కళ్లు మూయవలసిందిగా కోరుతున్నట్టు దాని మీద రాసి ఉంది. అంత్యక్రియలను వీలైనంత నిరాడంబరంగా జరపాలని ఫ్రాయిడ్ నిర్ణయించారు, కుటుంబంలో కొందరికి అది నచ్చలేదు. కళ్లు మూయడం అంటే కొడుకుగా తండ్రికి చేయవలసిన ఆఖరి పని. కొడుకు లోపాన్ని చూసీ చూడనట్టు వదిలేయమన్న వేడుకోలు కూడా అందులోనే ఉందని ఆయన చదువుకున్నారు. 1899లో వెలువడిన కలల వివరణ గ్రంథం తన తండ్రి మరణానికి తనలో కలిగిన ప్రతిస్పందన అని ఆయన తరువాత రెండో కూర్పు ముందుమాటలో ఒప్పుకున్నారు.

ఫ్రాయిడ్ సిద్ధాంతాల్లో చాలా వాటిని నేటి మనస్తత్వశాస్త్రం అంగీకరించదు, అది సబబే. కానీ 1911లో ఆయన రాసిన ఒక ఉదాహరణ ఇప్పటికీ కదిలిస్తుంది. తండ్రికి సుదీర్ఘమైన జబ్బులో సేవ చేసిన ఒక వ్యక్తికి, తండ్రి పోయాక ఒకే కల మళ్లీ మళ్లీ వచ్చేది. తండ్రి బతికి ఉన్నాడు, మామూలుగా మాట్లాడుతున్నాడు. నిజానికి ఆయన చనిపోయాడు గానీ ఆ సంగతి ఆయనకు తెలియదు. అది కొడుకును ఎంతో బాధపెట్టేది. తండ్రి యాతన చూడలేక, మరణమే వచ్చి ఆయనకు విముక్తి కలిగిస్తే బాగుండునని ఆ కొడుకు ఎప్పుడో అనుకుని ఉంటాడని, ఆ కోరికే ఇప్పుడు అపరాధమై కలలో తిరిగి వస్తోందని ఫ్రాయిడ్ వివరించారు. మంచాన పడిన ఆత్మీయులకు రాత్రింబవళ్లు సేవ చేసినవారిలో ఇలాంటి ఆలోచన రానివారు తక్కువ. అది ప్రేమ లేక పుట్టిన ఆలోచన కాదు, ఎదుటి మనిషి నొప్పి భరించలేక పుట్టినది. అయినా ఆ తరువాత ఎవరితోనూ పైకి అనలేని మాటగా లోపలే ఉండిపోతుంది. కలలో పోయినవారు కోపంగా కనిపించినప్పుడు, ఆ కోపం ఎవరి మనసులో తయారైందో నెమ్మదిగా ఆలోచించడం మేలు. చాలాసార్లు అది తన మీద తనకున్న కోపమే.

దీనికి పూర్తిగా ఎదురైన బాధ మరొకటి ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. ‘అందరి కలలోకీ వచ్చాడు, నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు’ అన్నది ఆ బాధ. పై సర్వేలోనే 42 శాతం మంది అలాంటి కలలున్నాయని చెప్పలేదు. వారి ప్రేమ తక్కువదని ఎవరూ అనలేరు. కల రావడం ఒకటి, అది గుర్తుండడం ఒకటి. రెమ్ దశలో కొత్త విషయాన్ని గట్టిగా పట్టి ఉంచడానికి తోడ్పడే నార్‌ఎడ్రినలిన్ రసాయనం మెదడులో దాదాపు విడుదల కాదు. అందుకే కల మధ్యలోనో, ముగిసిన వెంటనేనో మెలకువ వస్తే తప్ప అది నిలవదు. మరుసటి నిద్ర దశలోకి జారుకుంటే అక్కడే కరిగిపోతుంది. అలారం మోతకు ఉలిక్కిపడి లేచి, వెంటనే పనుల్లో పడేవారికి గుర్తుండే కలలు ఇంకా తక్కువ. తీవ్రమైన దుఃఖంలో నిద్రే సరిగ్గా పట్టదు, ముఖ్యంగా తెల్లవారుజాము నిద్ర చెదిరిపోతుంది; కలలు ఎక్కువగా వచ్చే వేళ అదే. కుంగుబాటుకు వాడే మందుల్లో చాలా రకాలు రెమ్ నిద్రను తగ్గిస్తాయి, మద్యం కూడా రాత్రి తొలి భాగంలో అదే పని చేస్తుంది. వాటిని హఠాత్తుగా ఆపితే అణిగి ఉన్న రెమ్ నిద్ర ఒక్కసారిగా ఉబికి వచ్చి, కలలు భరించలేనంత తీవ్రంగా రావచ్చు కనుక కలల కోసం మందులు మానేయడం మంచిది కాదు, వైద్యుల సలహా లేకుండా అసలే వద్దు.

కలలోకి వచ్చిన మృతులు ‘రమ్మని పిలిచారు’ అన్న భయం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మూలాన ఆరోగ్యంగా ఉన్నవారు కూడా రోజుల తరబడి హడలిపోతారు. ఈ భయానికి ఒక ఆధారం ఉన్నట్టు కనిపిస్తుంది: మరణం దగ్గరపడినవారికి పోయినవారు కలలో కనిపించడం నిజమే. అమెరికాలోని బఫలో నగరంలో ఉన్న హాస్పిస్ కేంద్రంలో వైద్యుడు క్రిస్టఫర్ కెర్ బృందం 59 మంది రోగులను రోజూ పలకరించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు 88 శాతం మంది కనీసం ఒక కలనో, దర్శనాన్నో వివరించారు. మరణం సమీపిస్తున్నకొద్దీ చనిపోయిన ఆత్మీయులు కనిపించడం పెరిగింది, రోగులకు అన్నిటికంటే ఎక్కువ ఊరట ఇచ్చినవీ ఆ కలలే. కానీ ఈ మాటను తిప్పి చదవడం తప్పు. మరణశయ్య మీద ఉన్నవారికి పోయినవారు కనిపిస్తారు కాబట్టి, పోయినవారు కనిపించిన ప్రతివారూ మరణానికి దగ్గరైనట్టు కాదు. ఆత్మీయులను కోల్పోయి, ఆ తరువాత దశాబ్దాలు బతికే కోట్ల మందికి ఇవే కలలు వస్తాయి. ప్రతి మనిషీ ప్రతి రాత్రీ నాలుగైదు సార్లు రెమ్ దశలోకి వెళ్తాడు. ఏడాదికి వెయ్యికి పైగా పోగయ్యే ఆ కలల్లో, ఏదో ఒక సంఘటనతో కాకతాళీయంగా కలిసిన ఒక్కటే కథగా నిలిచి, చెవినుంచి చెవికి పాకుతుంది. కలవక మరుగైనవాటిని ఎవరూ లెక్కపెట్టరు.

పిల్లల సంగతి వేరు. కల తమ తలలో పుడుతుందని చిన్న పిల్లలకు వెంటనే అర్థం కాదనీ, అది బయటి నుంచి గదిలోకి వస్తుందని అనుకునే దశ ఒకటి ఉంటుందనీ పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త ఝాన్ పియాజే గమనించారు. తండ్రిని కోల్పోయిన నాలుగేళ్ల పిల్ల పొద్దున్నే లేచి ‘నాన్న రాత్రి వచ్చాడు, మళ్లీ ఎప్పుడు వస్తాడు?’ అని అడిగితే, ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు, పొరపాటు పడడం లేదు కూడా. తనకు తెలిసిన లోకంలో జరిగినదే చెబుతోంది. ‘అది ఒట్టి కల’ అని కొట్టిపారేస్తే ఆ పిల్లకు నాన్న మరోసారి దూరమవుతాడు. ‘ఈ రాత్రి కూడా వస్తాడు’ అని మాట ఇస్తే రేపటి ఎదురుచూపు ఇంకా క్రూరం. నాన్న ఏం చేశాడో, ఏం మాట్లాడాడో అడిగి విని, నిద్రలో మనం ప్రేమించినవాళ్లు గుర్తొస్తారనీ, నాన్న మాత్రం తిరిగి రాలేడనీ ఒకే గొంతుతో చెప్పడం సాధ్యమే. ఒక్కసారి చెబితే సరిపోదు, ఆ పిల్ల అడిగిన ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది.

పెద్దవారిలో సహాయం అవసరమయ్యే పరిస్థితులు కొన్ని ఉన్నాయి. హింసాత్మకమైన, ఆకస్మికమైన మరణాల తరువాత అదే దృశ్యం పీడకలగా తిరిగి తిరిగి వస్తూ, నిద్రపోవాలంటేనే భయం పుట్టే స్థితి వస్తే దాన్ని భరిస్తూ ఉండనవసరం లేదు. పీడకల కథను మెలకువలో తనకు నచ్చినట్టు మార్చి రాసుకుని, ఆ కొత్త రూపాన్ని రోజూ కొన్ని నిమిషాలు మనసులో నడిపించే చికిత్సా పద్ధతి ఒకటి ఉంది, అది చాలా మందికి మేలు చేస్తుంది. ఎడతెగని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఆరు నెలలు దాటినా రోజువారీ జీవితం నడవలేనంత తీవ్రంగా దుఃఖం ఉంటే అది వర్తిస్తుంది. కలలు రావడం మాత్రం, ఎన్నేళ్లయినా సరే, దానికదే రుగ్మత లక్షణం కాదు.

ఎన్నేళ్లయినా అన్నది లాంఛనంగా అన్న మాట కాదు. భార్యను కోల్పోయిన ఒక వ్యక్తి ఆమె కనిపించిన కలలను 22 ఏళ్ల పాటు రాసి పెట్టుకున్నారు. కలల పరిశోధకుడు విలియం డామ్‌హాఫ్ ఆ 143 కలల్ని విశ్లేషించి 2015లో ప్రచురించారు. సగటున రెండు నెలలకు ఒకటి. దుఃఖం ఒక గీత దగ్గర ముగిసిపోయి బంధం తెగిపోవాలని ఆశించిన పాత దృష్టికి ఇది అర్థం కాదు. పోయినవారితో బంధం రూపు మార్చుకుని కొనసాగుతుందని, అలా కొనసాగడం అనారోగ్యం కాదని 1996 నుంచి దుఃఖ పరిశోధకులు చెబుతున్నదానికి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. రాయడం మొదలుపెట్టిన ఇరవై రెండో ఏట కూడా ఆ మనిషి ఆమె కనిపించిన కలను రాసుకున్నారు.